మా ఫ్లోర్ చర్మవైద్యుణ్ణి నేనే

ఆ రోజుల్లో మా యూనివర్సిటీ హాస్టల్లో ప్రతి ఫ్లోర్‌కీ ఒకరిద్దరు నిపుణులు ఉండేవారు. కింది ఫ్లోర్‌లో ప్రేమ వ్యవహారాలకు ఒకాయన, ఫెలోషిప్ కాగితం ఏ టేబుల్ దగ్గర ఆగిపోయిందో కనిపెట్టడానికి ఇంకొకాయన. మా రెండో ఫ్లోర్‌లో ఒంటిమీద మచ్చ గానీ పొక్కు గానీ దురద గానీ వస్తే చూపించుకోవడానికి నేను. నన్నెవరూ నియమించలేదు. నేను వైద్యం చదవలేదు కూడా. నాది వృక్షశాస్త్రం, అందులోనూ వేరుశనగ ఆకులమీద వచ్చే మచ్చల మీద పరిశోధన. మాది అనంతపురం వైపు. అక్కడ వేరుశనగ ఆకుమీద మచ్చ కనబడితే ఇంటిల్లిపాదికీ అన్నం సహించదు. అంచేత ఆ మచ్చకు కారణమైన శిలీంధ్రం మీద పిహెచ్‌డీ చేస్తానంటే మా నాన్న "చెయ్ నాయనా, దాని అంతు చూడు" అన్నాడు. దాని అంతు నేను చూడలేదు గానీ, రెండేళ్లు మైక్రోస్కోపులో మచ్చలు చూసీ చూసీ, ఆకుమీద మచ్చయినా మనిషి మీద మచ్చయినా మచ్చ మచ్చే కదా అనే ధైర్యం మాత్రం వచ్చింది. ఫ్లోర్‌లో నన్ను 'బూజు డాక్టర్' అనేవారు. మొదట ఎగతాళికే అన్నారు. పోనుపోను అందులో కాస్త గౌరవం కూడా కలిసిందని నా నమ్మకం (ఆ నమ్మకం నాకు తప్ప ఇంకెవరికైనా ఉండేదా అని ఇప్పుడు అనుమానం).

నా ప్రాక్టీసు సాయంత్రం ఐదు తర్వాత, వరండా చివర నీళ్ల కూలర్ దగ్గర. మొదటి కేసు పక్కగది 'లాయర్'ది. అతను నిజంగా లాయర్ కాదు, లా చదువుతున్నాడు. కానీ మెస్‌లో పప్పు నీళ్లగా ఉందన్నా మూడు పాయింట్లుగా వాదించేవాడు. అతని మెడమీద, వీపుమీద లేతరంగు మచ్చలు వచ్చాయి. బొల్లి వచ్చింది, ఇక నా బతుకు ఖతం అని రెండు రోజులు మెస్‌కు రాలేదు. నేను వెళ్లి, వీపు తిప్పించి, గోటితో మెల్లగా గీకి చూశాను. సన్నటి పొట్టు రాలింది. "బొల్లి అయితే పాలలాగా తెల్లగుంటుంది, పొట్టు రాలదు. ఇది శోభి. చెమటెక్కువ పోసేవాళ్లకు వస్తాది. మందు రాసుకుంటే పోతాది పోబ్బా" అన్నాను. నిజంగానే పోయింది. రెండో కేసు ఒకే గదిలో ఇద్దరు. వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర చిన్నచిన్న పొక్కులు, పక్కమీద వాలితే చాలు దురద. ఇది గజ్జి, ఇద్దరూ ఒకేసారి మందు రాసుకోవాలి, దుప్పట్లు వేడినీళ్లలో ఉతకాలి అన్నాను. అదీ సరిపోయింది. వరసగా రెండు జబ్బులు సరిగ్గా చెప్పినవాడు మూడోది చెప్పకూడదని ఏదైనా చట్టం ఉండి ఉంటే, లాయర్ అయినా నాకు చెప్పి ఉండేవాడు. లేదు కాబట్టి చెప్పలేదు.

నా గదిలో నాతోపాటు ఇంకొకాయన ఉండేవాడు. ఆయన పేరు హాస్టల్ రిజిస్టర్‌లో లేదు. పీజీ ఎప్పుడో అయిపోయి, సర్కారు ఉద్యోగాల పరీక్షలకు చదువుకుంటూ, ఎవరో ఒకరి గదిలో సర్దుకునేవాళ్లు మా క్యాంపస్‌లో చాలామందే ఉండేవారు. వాళ్లను నాన్‌బోర్డర్లు అంటాం. నా నాన్‌బోర్డర్‌ను అందరూ 'గ్రూప్స్ అన్న' అనేవారు. కరీంనగర్ వైపు వ్యవసాయం చేసుకునే ఇంటి మనిషి. మాకంటే ఐదారేళ్లు పెద్ద, మా అందరికంటే జానెడు పొడుగు. తెల్లవారుజామునే, ఇంకెవరూ లేవకముందు స్నానం చేసేవాడు. మే నెల ఎండలో కూడా పొడుగుచేతుల చొక్కా గుండీలు పెట్టుకుని తిరిగేవాడు. ఆఫీసరు కాబోయే మనిషి కదా, ఇప్పట్నుంచే అలవాటు చేసుకుంటున్నాడు అనుకున్నాను. నేను సాయంత్రం ల్యాబ్ నుంచి వచ్చేసరికి నా మంచం కింద కూడా ఊడ్చి ఉంచేవాడు. నేనేమో ఆయన దినపత్రిక ఆయనకంటే ముందు చదివేవాణ్ణి.

ఇక మా ఫ్లోర్‌కు ఒక ఉమ్మడి ఆస్తి ఉండేది. నేవీ బ్లూ ప్యాంటు. నాదే, పిహెచ్‌డీ ఇంటర్వ్యూ కోసం కుట్టించుకున్నాను. సీటొచ్చింది. లాయర్ ఏదో వాదనల పోటీకి వేసుకెళ్లాడు, కప్పు తెచ్చాడు. ఒకతను బ్యాంకు ఇంటర్వ్యూకు వేసుకెళ్లాడు, ఉద్యోగం వచ్చింది. ఇంకొకతను జూనియర్ లెక్చరర్ అయ్యాడు. దాంతో దానికి 'ఇంటర్వ్యూ ప్యాంటు' అని పేరొచ్చింది, దానితోపాటు ఒక రూలు కూడా వచ్చింది. వేసుకున్నవాడు ఇస్త్రీ చేయించి ఇవ్వాలి. ఉతకకూడదు. ఉతికితే దానిలో ఉన్న అదృష్టం పోతుందని భయం. ఇది ఎవరు చెప్పారో గుర్తులేదు గానీ, ఒప్పుకున్నవాళ్లలో ఒక ఫిజిక్స్ స్కాలర్, ఇద్దరు కెమిస్ట్రీ వాళ్లు, శిలీంధ్రాల మీద పరిశోధిస్తున్న నేను ఉన్నాం. వర్షాకాలం వచ్చేసరికి అది పదకొండు మంది నడుముల మీదుగా తిరిగింది. గ్రూప్స్ అన్న ఒక్కడే దాన్ని ఎప్పుడూ వేసుకోలేదు, పొడుగు చాలదు కాబట్టి. (ఈ సంగతి గుర్తు పెట్టుకోండని మీకు చెబుతున్నాను. అప్పుడు నాకెవరూ చెప్పలేదు.)

ఆ వానాకాలంలోనే నాకు దురద మొదలైంది. ఎక్కడ అని అడక్కండి. కూర్చున్నప్పుడు, నడిచినప్పుడు, నలుగురిలో ఉన్నప్పుడు గోక్కోవడానికి వీల్లేని చోట. ఆరీ ఆరని జీన్స్ వేసుకుని రోజంతా తిరిగేవాణ్ణి. తొడమీద రూపాయి బిళ్లంత మచ్చ, అంచు ఎర్రగా కాస్త పైకి లేచి, నడుమ తేరుకుని, రోజురోజుకూ గుండ్రంగా వెడల్పవుతోంది. అలా గుండ్రంగా అంచు జరుపుకుంటూ పెరిగే మచ్చ ఆకుమీద కనబడితే నిద్రలో లేపి అడిగినా శిలీంధ్రం అని చెప్పేవాణ్ణి. అదే నా ఒంటిమీద కనబడితే ఏమన్నానో తెలుసా? వేడి చేసింది అన్నాను. రెండేళ్ల పరిశోధన, నాలుగు సెమినార్లు పక్కకు జరిగిపోయి మా అవ్వ మాట నోట్లోంచి వచ్చింది. సబ్జా గింజలు నానబెట్టుకు తాగాను. మజ్జిగ తాగాను. క్యాంపస్ దాటి తార్నాక దాకా నడిచి వెళ్లి రోజుకో కొబ్బరిబొండాం తాగాను. నడక వల్ల చెమట, చెమట వల్ల దురద, దురద చూసి ఇంకా వేడి తగ్గలేదని మళ్లీ బొండాం.

చివరికి ఓ మెడికల్ షాపులో అద్దాల పెద్దాయనకు నా బాధ చెప్పుకున్నాను. "యాడ?" అన్నాడు. నేను కళ్లతోనే కిందికి చూపించాను. ఆయన ఇంకేమీ అడగలేదు, నేనూ ఇంకేమీ చెప్పలేదు. ఒక ట్యూబు ఇచ్చి "దినాం రెండుసార్లు రాయి. రెండు దినాల్ల ఆరాం అయితది" అన్నాడు. రెండోరోజుకు నిజంగానే ఆరామ్. ఎర్రదనం పోయింది, దురద పోయింది, ప్రపంచం మీద ప్రేమ పుట్టింది. అప్పటికి ఫ్లోర్‌లో ఒక్కొక్కరూ నడక మార్చి నడుస్తున్నారు, క్యారమ్స్ ఆడుతూ ఆడుతూ మధ్యలో లేచి గదికి వెళ్లొస్తున్నారు. నేను నీళ్ల కూలర్ దగ్గర నిలబడి అందరికీ ఆ ట్యూబు పేరు చెప్పాను. అందరికీ రెండు రోజుల్లో ఆరామ్. పదిరోజుల్లో అందరికీ మళ్లీ మొదలు, ఈసారి రెండింతలు. మళ్లీ ట్యూబు. మళ్లీ ఆరామ్. అలా నెల గడిచేసరికి గుండ్రటి మచ్చలు ఆకారం పోయి, ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, నడుము దాకా పాకాయి. మా ఫ్లోర్‌లో ఎవరూ ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోలేని పరిస్థితి వచ్చింది.

ఇదంతా ఎవరు తెచ్చారు అనే ప్రశ్న అప్పుడు పుట్టింది. జవాబు కనిపెట్టింది నేనే. ఓ ఉదయం మామూలుకంటే ముందు మెలకువ వచ్చింది. గ్రూప్స్ అన్న స్నానం చేసొచ్చి, నాకు వీపు పెట్టి, మోచేతులకు కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. రెండు మోచేతుల మీదా అరచేతంత మచ్చలు, వాటిమీద వెండిరేకుల్లాంటి పొలుసులు. తువ్వాలుతో తుడుచుకుంటే కిటికీ వెలుగులో పొట్టు రాలడం కనబడింది. నేను కళ్లు మూసుకుని నిద్ర నటించాను. లోపల మాత్రం, దొరికాడు అనుకున్నాను. పొడుగుచేతుల చొక్కా, తెల్లవారుజాము స్నానం, అన్నీ అర్థమైపోయాయి. ఆ క్షణంలో నాకు కలిగింది జాలి కాదు, భయం కూడా కాదు. సంతోషం. కేసు తేలిన సంతోషం. ఇది రాయడానికి నాకు సిగ్గుగానే ఉంది, కానీ రాయకపోతే మిగతాది రాసి ప్రయోజనం లేదు.

సాయంత్రం మా గదిలో సభ. లాయర్, ఇంకో ఐదుగురు, అందరూ నిలబడే ఉన్నారు (కూర్చుంటే దురద). నేను శిలీంధ్రాన్ని వ్యాపింపజేసే సిద్ధబీజాల గురించి ఒక ఉపన్యాసం ఇచ్చాను. అవి కంటికి కనబడవనీ, రాలిన పొట్టులో నెలలు బతుకుతాయనీ, ఒక గదిలో ఒకరికి ఉంటే చాలనీ. చెప్పిన ప్రతి ముక్కా నిజమే, ఆయనకు సంబంధించినది తప్ప. గ్రూప్స్ అన్న మంచంమీద కూర్చుని, తెరిచిన పుస్తకంలో వేలు పెట్టుకుని విన్నాడు.

"నా మోచేతుల గురించేనా?" అన్నాడు అంతా అయ్యాక.

"అవును అన్నా. నీ మీద మాకేం లేదు. అది అంటుకునేదాని మాదిరి ఉండాది."

"మాదిరి ఉన్నదా, ఉన్నదా?"

ఆ ప్రశ్నకు అప్పుడే ఆగి ఉండాల్సింది. ల్యాబ్‌లో మా గైడ్ గారు అలా అడిగితే మూడు రోజులు ఆలోచించి చెప్పేవాణ్ణి. ఇక్కడ మాత్రం "ఉండాది, అన్నా" అన్నాను.

లాయర్ గొంతు సవరించుకున్నాడు. "అన్నా, తప్పుగ అనుకోకు. అందరికి పరీక్షలున్నయి. కొన్ని దినాలు వేరే యాడనన్న ఉంటే..."

"నాకు సుత ఉన్నది పరీక్ష. ఇర్వైమూడు దినాలున్నది" అన్నాడు అన్న. అంతే. చొక్కా చేతుల గుండీలు సరిచూసుకున్నాడు, పుస్తకాలు అట్టపెట్టెలో సర్దుకున్నాడు, క్యాంపస్ పక్క బస్తీ మాణికేశ్వర్ నగర్‌లో వాళ్ల ఊరివాడి గది ఉందని చెప్పి వెళ్లిపోయాడు. నేను పెట్టె పట్టుకుంటానని ఒక అడుగు ముందుకు వేసి, సిద్ధబీజాలు గుర్తొచ్చి ఆగిపోయాను. ఆయన అది చూశాడు. తర్వాత నేను గదంతా ఫినాయిల్‌తో కడిగాను. మంచం కింద నేను ఊడ్చుకోవడం అదే మొదటిసారి.

ఆయన పోయాడు, దురద పోలేదు. రెండు వారాలు ఎదురుచూశాం. పొట్టు ఇంకా మిగిలి ఉందేమో అని మళ్లీ కడిగాను. దురద చంకల దాకా వచ్చింది. మా గైడ్ గారి ముందు నా పరిశోధన ఎంతవరకూ వచ్చిందో చెప్పాల్సిన రోజున ఇంటర్వ్యూ ప్యాంటు వేసుకుని వెళ్లాను. బోర్డు దగ్గర నిలబడి ఒక కాలు మీంచి ఇంకో కాలు మీదికి మారుతూ, బల్ల మూలకు ఆనుకుని మెల్లగా రుద్దుకుంటూ, ఆకుమచ్చ ఎలా వ్యాపిస్తుందో వివరిస్తున్నాను. ఆయన కళ్లద్దాలు తీసి "ఏమయ్యా, వ్యాపించడం గురించి చెబుతున్నావా, చూపిస్తున్నావా?" అన్నాడు. ఆ సాయంత్రమే తార్నాకలో ఒక సందులో ఉన్న చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్లాను.

మేడం చాలా తక్కువ మాట్లాడే మనిషి. చూసింది, ఏం రాస్తున్నారని అడిగింది. ట్యూబు చూపించాను. రెండు వేళ్లతో పట్టుకుని చదివింది.

"ఇది ఎవరు రాసిచ్చారు?"

"మెడికల్ షాపాయన మేడం" అన్నాను. (నేను ఫ్లోరంతటికీ రాసిచ్చిన సంగతి చెప్పలేదు.)

"ఇందులో స్టెరాయిడ్ ఉంది. దురదను నొక్కేస్తుంది. ఫంగస్‌కు మాత్రం దీనివల్ల పండగ. పైకి తగ్గినట్టుంటుంది, లోపల పాకిపోతూ ఉంటుంది. రింగులు చెడిపోయి గుర్తుపట్టడం కూడా కష్టమవుతుంది."

తర్వాత మచ్చ అంచును చిన్న బ్లేడుతో గీకి, రాలిన పొట్టు గాజుపలకమీద వేసి, ఒక చుక్క ద్రావణం వేసి పక్కగదిలోకి తీసుకెళ్లింది. నేనేం చదువుతానో అంతకుముందే అడిగింది కాబట్టి, లోపలి నుంచి పిలిచింది. "మీరు ఫంగస్ మీదే కదా, వచ్చి చూడండి." నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ సందులో, ఆ చిన్న గదిలో, రెండు నెలల్లో మొదటిసారి నాకు తెలిసిన పని ఎదురైంది. మైక్రోస్కోపు మీదికి వంగాను. పొడుగాటి దారాలు, కొమ్మలు చీలుతూ, నడుమ అడ్డుగోడలతో, ఎంత చక్కగా ఉన్నాయని. "స్పష్టంగా శిలీంధ్రమే మేడం. అడ్డుగోడలు చూడండి, ఎంత ఆరోగ్యంగా ఉందో. మా ల్యాబ్‌లో కూడా ఇంత బాగా పెరగదు. ఎక్కడ్నుంచి తెచ్చారు?" అన్నాను.

"మీ తొడమీంచి" అంది మేడం.

నేను మెల్లగా మైక్రోస్కోపు మీంచి లేచాను. మా ల్యాబ్‌లో అదే మైక్రోస్కోపు, అదే ద్రావణం సీసా నా కుర్చీకి నాలుగడుగుల దూరంలో ఉంటాయి. రెండు నెలలుగా నేను వాటి ముందు కూర్చుని వేరుశనగ ఆకులు చూస్తూ తొడ గోక్కున్నాను.

"తామర. బట్టలు ఎవరితోనైనా పంచుకుంటారా?" అని అడిగింది మేడం.

"లేదు మేడం." ఒక్క క్షణం ఆగాను. "ఒక్క ప్యాంటు."

"ఎంతమంది?"

వేళ్లు మడవడం మొదలుపెట్టాను. రెండు చేతులూ అయిపోయాయి, ఇంకో వేలు కావాల్సి వచ్చింది. మేడం నా చేతులవైపు చూస్తూ ఉండిపోయింది. ఎన్నాళ్లకోసారి ఉతుకుతారు అని అడిగింది. ఉతకకపోవడానికి కారణం చెప్పాను. ఆమె నవ్వలేదు, నవ్వి ఉంటే నాకు కాస్త తేలికగా ఉండేది. నేను చివరి ప్రయత్నంగా, "అసలు దీన్ని మా ఫ్లోర్‌కు తెచ్చినాయన వేరే ఉన్నాడు మేడం, ఆయన మోచేతులు చూడాలి మీరు" అని అన్న పొలుసుల సంగతి వర్ణించాను.

"వెండి రంగు పొలుసులా? రెండు పక్కలా ఒకేలా? చలికాలంలో ఎక్కువవుతాయా?"

"అవును మేడం, పోయిన చలికాలంలో నూనె సీసాలు సీసాలు అయిపోయేవి."

"ఆయన ఎప్పుడైనా మీలాగా గోక్కోవడం చూశారా?"

ఆలోచించాను. ఏడాదిలో ఒక్కసారి కూడా చూడలేదు.

"చూడకుండా ఏ జబ్బో చెప్పడం నాకు రాదు" అంది మేడం (ఆ మాట నన్ను ఉద్దేశించి అనలేదు, కానీ వచ్చి నాకే తగిలింది). "మీరు చెప్పింది వింటే సోరియాసిస్‌లా ఉంది. అది క్రిమి వల్ల వచ్చేది కాదు. శరీరం తన చర్మాన్ని తానే తొందరపడి తయారు చేసేసుకుంటుంది, అది పొలుసులుగా రాలుతుంది. ఒకే కంచంలో తిన్నా, ఒకే పక్కమీద పడుకున్నా ఎవరికీ అంటదు. కొందరికి కుటుంబంలో ఉంటుంది. టెన్షన్ పడితే ఎక్కువవుతుంది. పరీక్షలు, నిద్ర లేకపోవడం, ఉన్నపళంగా ఇల్లు మారాల్సి రావడం, ఇలాంటివి."

నేను మందుల చీటీ పట్టుకుని బయటికొచ్చాను. ఆరు వారాలు మాత్రలు వేసుకోవాలి. దురద పది రోజులకే పోతుంది, చాలామంది అప్పుడే మానేస్తారు, మానేస్తే మళ్లీ వస్తుంది, బట్టలు వేడినీళ్లలో ఉతికి ఎండలో ఆరెయ్యాలి అని రెండుసార్లు చెప్పింది. నాకు మాత్రం చెవిలో ఇల్లు మారాల్సి రావడం అన్న మాటే తిరుగుతోంది. అన్న పరీక్షకు ఇంకా ఎనిమిది రోజులుంది.

హాస్టల్‌కు వెళ్లి ముందు ఫ్లోర్ అందరినీ నీళ్ల కూలర్ దగ్గరికి పిలిచి ఒప్పుకున్నాను. తెచ్చింది నేను, పంచింది నా ప్యాంటు, పెంచింది నేను చెప్పిన ట్యూబు. "అంటే తీర్పు చెప్పినోడే ముద్దాయి" అన్నాడు లాయర్. తర్వాత, "నేను సుత పొమ్మన్న కద రా" అని గోడవైపు తిరిగాడు. ప్యాంటును బకెట్లో హీటర్ రాడ్ పెట్టి మరగబెట్టాం. రంగంతా నీళ్లలోకి దిగింది, ప్యాంటు మోకాళ్ల దాకా కుంచించుకుపోయింది. ఎవరూ ఏడవలేదు.

మర్నాడు పొద్దున్నే మాణికేశ్వర్ నగర్ వెళ్లాను. సందులో సందు తిరిగి, నీళ్ల డ్రమ్ములు తప్పించుకుంటూ, అడిగి అడిగి గది పట్టుకున్నాను. రేకుల గది. లోపల ముగ్గురి చాపలు చుట్టి ఉన్నాయి. గుమ్మంలో వెలుగు పడేచోట అన్న పీట వేసుకుని చదువుకుంటున్నాడు. మచ్చలు మోచేతుల దగ్గర ఆగలేదు. నుదుటిమీద జుట్టు మొదలయ్యే చోట కూడా ఎర్రగా పొలుసు కట్టింది. అక్కడ గుండీలు పెట్టుకోవడానికి వీల్లేదు కాబట్టి దాచుకోలేదు. అది చూసేసరికి దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ పోయాయి.

"అన్నా, తప్పైపాయ. నీది కాదునా, నాది. అంటుకునేది నాది" అన్నాను. అంటూ రెండడుగులు ముందుకు వేశాను, చేతులు పట్టుకుందామని.

"ఆగు. గాడనే నిలవడు" అన్నాడు అన్న, పుస్తకం అడ్డం పెట్టి. "అంటుకునేదే అంటున్నవు కద. నాకు పరీక్ష ఉన్నది తమ్మీ."

గుమ్మం బయటే నిలబడ్డాను. ఆయన కాసేపు నన్ను అలా నిలబెట్టి చూశాడు, ఆ తర్వాత మూతి బిగించి నవ్వు ఆపుకుంటున్నట్టు కనబడింది. నాకు నవ్వు రాలేదు. డాక్టర్ చెప్పింది మొత్తం చెప్పాను. ఆయన ఊకొడుతూ విన్నాడు, ఒక్క మాట కూడా ఆయనకు కొత్త కాదు.

"నాకెర్కనే. ఇంటర్ల ఉన్నప్పటి సంది ఉన్నది. మా నాయనకు సుత ఉండె" అన్నాడు.

"మొదటి రోజే చెప్పి ఉంటే ఇంత జరిగేది కాదు కదనా. నేను సైన్సోణ్ణి, అర్థం చేసుకుందును."

"ఇంటర్ హాస్టల్ల చెప్పిన. డిగ్రీల చెప్పిన. పీజీల చెప్పిన. చెప్పినప్పుడు అందరు సరే అన్నా, ఏం కాదన్నా అంటరు. రెండు దినాలైనంక నీళ్లు తాగే గ్లాసు పక్కకు పెడ్తరు. నీ రూముకు వచ్చినప్పుడు అనుకున్న, ఒక్క రూముల చెప్పకుండ ఉండి చూద్దాం, ఎట్లుంటదో." పుస్తకంలో పేజీ తిప్పాడు. "ఏడాది ఉన్న. మంచిగనే ఉండె."

నాకు ఏడుపు వచ్చింది. దాచుకుని ప్రయోజనం లేదు, వచ్చింది. గుమ్మం బయట ఎండలో నిలబడి, ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ ఇంకో చేత్తో గోక్కుంటూ ఉన్నాను. నీళ్లు పట్టుకోవడానికి వచ్చిన ఒకామె ఆగి చూసి వెళ్లింది.

"మళ్లా గదికి రా అన్నా" అన్నాను.

"ఇప్పుడు రాను. పరీక్ష కానియ్. నీకెన్ని దినాల మందు?"

"ఆరు వారాలు."

"దురద పోంగనే బంద్ పెట్టకు. పూరా మింగు. నువ్వు మింగుడు అయినంక నేనే వస్త. ఇగ పో, చదువుకోవాలె."

ఆరు వారాలు ఒక్క పూట తప్పకుండా మింగాను. పదో రోజుకే దురద పోయింది. మా ఫ్లోర్‌లో నలుగురు అక్కడే మానేసి మళ్లీ తెచ్చుకున్నారు. నేను మానలేదు. అది ఆరోగ్యం మీద శ్రద్ధ కాదు. ఆ మాత్రలు అయిపోతే గానీ ఆ మనిషి రాడు, అందుకు.

వచ్చాడు. ఓ ఆదివారం మధ్యాహ్నం, పొట్టి చేతుల చొక్కా వేసుకుని. అంతకుముందు ఆయన్ను అలా చూడలేదు. గుమ్మంలోనే నిలబడి, "ఏది, జర చూపియ్" అని నా మెడ, చేతులు తిప్పి చూశాడు, నేను ఒకప్పుడు లాయర్ వీపు చూసినట్టే. మిగతా చోటు నా మాటమీద నమ్ముతానన్నాడు. చాయ్ తాగుదాం పద అంటే ఇద్దరం తార్నాక వైపు నడిచాం. దారిలో ఏదో చెబుతూ చెబుతూ నా భుజంమీద చెయ్యి వేశాడు. ఆయన మోచెయ్యి నా మెడ వెనక ఆనింది. ఏడాదిపాటు ఒకే గదిలో ఉన్నాం, ఆయన నన్ను అలా తాకడం అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఆయనే జాగ్రత్తగా తప్పుకుని తిరిగాడని అప్పుడు తెలిసింది. గరుగ్గా ఉంది. అంతే, గరుగ్గా ఉంది.

ఆ ఏడు ఆయనకు ఉద్యోగం రాలేదు. ఎన్ని మార్కుల్లో పోయిందో ఆయన చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేకపోయింది. తర్వాతి నోటిఫికేషన్‌లో వచ్చింది. ఇప్పుడు ఒక మండలాఫీసులో ఉన్నాడు, పెద్ద కుర్చీలోనే. చేరిన మొదటిరోజు సిబ్బందినంతా పిలిచి చేతులు చూపించి, ఇది ఫలానా, అంటుకోదు, ఇక పనులు చూసుకోండి అన్నాడట. ఈ సంగతి ఫోన్‌లో చెబుతూ చాలా నవ్వాడు. నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

నేనిప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. శిలీంధ్రాల పాఠం అయిన రోజు తప్పకుండా ఎవరో ఒక కుర్రాడు స్టాఫ్ రూమ్ బయట తచ్చాడి, ఎవరూ లేనప్పుడు చొక్కా తొలగించి "సార్, ఇదేంటో చూడండి" అంటాడు. చూస్తాను. అంచు ఎర్రగా, నడుమ తేరుకుని, పుస్తకంలో బొమ్మలాగా ఉంటుంది. నాలుక చివరిదాకా పేరు వస్తుంది. "నాకు తెలీదు నాయనా, స్కిన్ డాక్టర్‌కు చూపించు" అంటాను. ఇన్నేళ్లు ఫంగస్ మీద పనిచేసి ఈ మాత్రం చెప్పలేడా, మా సార్‌కు పిహెచ్‌డీ ఎట్లా వచ్చిందో అని పిల్లలు నవ్వుకుంటారట. వాళ్ల మాట కాదనడానికి నా దగ్గర పెద్దగా ఆధారాలు లేవు.